లాన్స్ వేగా అక్కగారు

14 నవంబరు 1973, బుధవారం

ఇవాళ రాకుమారి పెళ్ళి. దేశమంతా సెలవు. వీధి మొత్తానికి రంగుల టీవీ మా ఇంట్లోనే ఉంది కనుక సగం టిప్టన్ ఊరు మా ముందుగదిలో కూలబడింది. అత్త పొద్దున్నుంచి టీ కాస్తూనే ఉంది. రాకుమారి వేలికి ఉంగరం తొడుగుతుంటే ఆడవాళ్ళందరూ ముక్కులు చీదుకున్నారు. పక్కింటి బేలిస్ పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నీ పెళ్ళి మొన్ననే అయినట్టుంది కదే," అనేసి, వెంటనే కిటికీ వైపు చూసి నాలిక్కరుచుకుంది. బయట గేటు దగ్గర ఆరుగురు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళకి వినపడలేదు.

నా ఉంగరం టీ డబ్బాలో ఉంది. రెండేళ్ళ కిందట డడ్లీ రిజిస్ట్రారు ఆఫీసులో దాన్ని నా వేలికి తొడిగినవాడు క్లైవ్ ట్రాంటర్, బాయిలర్ల షెడ్డులో వెల్డరు. ఇప్పుడు వాడు టిన్ పీకాక్స్ బృందంలో పాడే లాన్స్ వేగా. క్లైవ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు, లాన్స్‌కి ఇరవై రెండు. లాన్స్‌కి ఇష్టమైన రంగు వెండి. పెళ్ళి కాలేదు. ఇంట్లో ఒక అమ్మ, అభిమాన సంఘం పనులు చూసుకునే ఒక అక్క. ఆ అక్కని నేనే, ఏవ్రిల్‌ని.

మా వీధి వాళ్ళంతా మా పెళ్ళి కేకు తిన్నవాళ్ళే. ఒక్కరూ నోరు జారలేదు. లండన్ నుంచి వచ్చి అడిగేవాళ్ళకి ఏదీ చెప్పకపోవడం ఇక్కడ పుట్టుకతో వచ్చే బుద్ధి.

రోజుకు నూట యాభై ఉత్తరాలు వాడి పేరుతో రాస్తున్నాను. ఒక పేజీ నా కోసం రాసుకుంటే ఎవడబ్బ సొమ్ము పోయింది? అయినా ఇదంతా క్రిస్మస్ దాకానే. బృందాన్ని నడిపే క్వేల్ గారు మాటిచ్చారు.

17 నవంబరు

నూట ఎనభై ఫోటోల మీద సంతకాలు. చెయ్యి పీకుతోంది. మధ్యాహ్నం కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. అత్త బింగో ఆటకి వెళ్ళింది, క్లైవ్ గ్లాస్గోలో ఉన్నాడు. పిల్లికి చెప్పాను.

23 నవంబరు, శుక్రవారం

నర్సు దగ్గరికని డడ్లీ బస్సెక్కాను. ముందు సీట్లో ఒక పిల్ల, వెండిరంగు పొట్టి కోటు, భుజాల దగ్గర రెక్కల్లా లేచిన మడతలు. నేను చూస్తున్నానని గమనించి, "లాన్స్ కోటు. మా అమ్మ కుట్టింది," అంది గొప్పగా. బాగుందమ్మా అన్నాను.

అది నా కోటు. పెళ్ళయ్యాక రెండు రోజులు సముద్రం ఒడ్డుకి వెళ్తాం కదా అని మా అమ్మ బర్మింగ్‌హామ్‌లో కొనిపెట్టింది. ఆ నెలలోనే వెన్స్‌బరీ క్లబ్బులో వీళ్ళ పాట ఉంది. క్లైవ్ షెడ్డు నుంచి తిన్నగా వచ్చాడు, చొక్కా నిండా నిప్పురవ్వల బొక్కలు. ఇలా ఎక్కితే బీరు సీసాలు విసురుతారురా అని నా ఒంటి మీది కోటు తీసి వాడికి తొడిగాను. పాటగాడు బోలన్ బుగ్గల మీద చమ్కీ పొడి అద్దుకుని టీవీలో కనపడిన రోజులవి. నా కనురెప్పలకి పెట్టుకునే వెండి రంగు వాడి బుగ్గలకీ కళ్ళకీ పూశాను. సరదాకి. క్లబ్బులో మగాళ్ళంతా "రాణీగారొచ్చారహో!" అని అరిచారు. క్లైవ్ కోటు అంచు పట్టుకుని వాళ్ళకి వంగి దండం పెట్టాడు. మూడో పాటకి ఆ అరిచినవాళ్ళే బల్లలెక్కి ఎగిరారు. వాణ్ణి అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు. అంత దూరంగానూ చూడలేదు.

ఇప్పుడు నా కోటు నేను వేసుకుని వీధిలోకి వెళ్తే, పాపం ఈ వయసులో దీనికీ లాన్స్ పిచ్చి పట్టింది అనుకుంటారు.

సంతకం కూడా అంతే. క్లైవ్ చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. అభిమానులకి ఇది పంపిస్తే పరువు పోతుందన్నారు క్వేల్ గారు. నేను పెద్ద సున్నాలు చుట్టి, చివర తోకచుక్క ఒకటి గీసి ఇచ్చాను. క్లైవ్‌కి అది రాదు. రెండు వారాలు వంటింటి బల్ల మీద నేర్పాను, తోక తిరగదు. రైల్వే స్టేషన్లో ఎవరైనా పుస్తకం చాపితే వేలికి దెబ్బ తగిలిందంటాడు. ఏడాది నుంచి అదే దెబ్బ.

నర్సు అంతా బాగానే ఉందంది. "మీ ఆయన రాలేదా?" అని అడిగింది. ఊళ్ళో లేడన్నాను. అది నిజమే.

2 డిసెంబరు, ఆదివారం

క్వేల్ గారు దయచేశారు. బృందానికి ఆయనే యజమాని, పేరు మీద హక్కూ ఆయనదే, పాటల మీదా ఆయనదే. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడు, నన్ను తల్లీ అంటాడు. అత్త మా ఊరి పద్ధతిలో బూడిదరంగు బఠాణీలూ బేకనూ వండితే రెండు గింజలు తిని పళ్ళెం పక్కకి నెట్టాడు. అత్త మొహం మాడిపోయింది.

"చూడు తల్లీ," అన్నాడు నా పొట్ట వైపు చూడకుండా. "వసంతంలో అమెరికా పర్యటన. అక్కడి పిల్లలకి ఇతను ఒంటరివాడిగానే దొరకాలి. ఒక్క నాలుగు నెలలు."

"క్రిస్మస్ దాకా అన్నారుగా."

"నేనా? క్రిస్మస్ ప్రాంతంలో మాట్లాడుకుందాం అన్నాను."

క్లైవ్ వైపు చూశాను. బఠాణీలు లెక్కపెడుతున్నట్టు పళ్ళెంలోకి చూస్తున్నాడు. ఏం చేస్తాడు పాపం. కాగితాల మీద సంతకం పెట్టేశాడు కదా. కనీసం ఆ సంతకమైనా వాడే పెట్టుకున్నాడు.

క్వేల్ గారు వెళ్తూ గేటు దగ్గర పిల్లలకి చెయ్యి ఊపాడు. పొట్టతో ఉన్న అక్క కిటికీలో కనపడితే బాగుండదు, ముందుగది తెరలు వేసి ఉంచండి అని అత్తకి చెప్పి మరీ వెళ్ళాడు. తెరలు వేశాం.

11 డిసెంబరు

బేలిస్ పిన్ని ఘనకార్యం ఇవాళ తెలిసింది. గేటు దగ్గర పిల్లలు "అక్కకి కడుపేంటి, బావ ఎవరు?" అని అడిగారట. పిన్నికి నోట్లో అబద్ధం తయారుగా ఉంటుంది. "నావికుడమ్మా. మాయమాటలు చెప్పి మునిగిపోయాడు," అందట.

"మునిగిపోయాడంటే చచ్చాడనుకుంటారేమో పిన్నీ," అన్నాను.

"అదీ మంచిదేలే. చచ్చినవాణ్ణి వెతుక్కుంటూ పత్రికలవాళ్ళు రారు."

అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను, ఎందుకో నాకే తెలియదు. అలసట అయ్యుంటుంది.

19 డిసెంబరు, బుధవారం

గేటు పిల్లల్లో డెనిస్ అని ఒకతి ఉంది. పదహారేళ్ళు, కళ్ళ చుట్టూ వెండి, ముక్కు ఎర్రగా జలుబు. వారానికి నాలుగు రోజులు బిల్‌స్టన్ నుంచి నడిచి వస్తుంది. ఇవాళ పాల సీసాలు తీసుకోవడానికి వెళ్తే చేతిలో ఒక పొట్లం పెట్టింది. పసుపు ఊలుతో అల్లిన చిన్న మేజోళ్ళు.

"అందరం తలా కొంచెం అల్లామక్కా. ఆ నావికుడి సంగతి మాకు తెలుసు. దొరికితే చెప్పు, మా అన్నలు ముగ్గురు. తోలు ఒలుస్తారు."

"వద్దులేమ్మా," అన్నాను.

"నువ్వు మంచిదానివి కనుక అలా అంటావు. మా లాన్స్ కూడా నీ గురించి బాధపడుతుంటాడు కదా?"

అప్పుడప్పుడూ అన్నాను. లోపలికి వచ్చి తలుపు వేసుకుని మేజోళ్ళు చూశాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాళ్ళు నాకు చుట్టాలకంటే ఎక్కువ. వాళ్ళకి రోజూ అబద్ధం చెబుతున్నాను, చేత్తోనూ నోటితోనూ.

25 డిసెంబరు

పాటల పట్టికలో పక్క ఊరి స్లేడ్ బృందమే పై మెట్టు మీద. మావాళ్ళు పదిహేడో చోట. క్లైవ్ భోజనానికి వచ్చి నాలుగింటికి వెళ్ళిపోయాడు. క్రిస్మస్ దాకా అన్నప్పుడు ఏ క్రిస్మస్సో నేను అడగలేదు. తప్పు నాదే.

8 జనవరి 1974, మంగళవారం

కర్మాగారాలకి వారానికి మూడు రోజులే కరెంటు. రికార్డులు వెయ్యడానికి ప్లాస్టిక్ కూడా కరువట. అందుకని క్లైవ్ నాలుగు రోజులు ఇంట్లోనే. నా అద్దం ముందు కూర్చుని, జుట్టుకి నా గులాబీ రోలర్లు చుట్టుకుని, నా పట్టుకారుతో కనుబొమలు పీక్కుంటున్నాడు. నేను మంచం మీద కూర్చుని వాడి పేరు రాస్తున్నాను. బయటినుంచి ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అనిపించి నవ్వొచ్చింది.

నవ్వుతూనే అడిగాను. "క్రిస్మస్ వెళ్ళిపోయిందిరా."

"తెలుసే."

"బిడ్డ పుట్టాక కూడా నేను అక్కనేనా? మరి అది నీకేమవుతుంది, మేనకోడలా?"

పట్టుకారు కింద పెట్టాడు. "ఏవ్, మా నాన్న ఆ షెడ్డులో ముప్పై ఏళ్ళు పొగ మింగాడు. యాభై మూడుకి పోయాడు. చివర్లో దగ్గితే గోడ అవతల బేలిస్ పిన్ని లేచి కూర్చునేది. నేను మొహానికి రంగేసుకుని నీ కోటు తొడుక్కుంటే నాలుగు దేశాలు తిరిగాను. ఇది విప్పేస్తే మళ్ళీ ఆ వెల్డింగు ముసుగే. నాకు భయమే. నిజం చెప్తున్నా, నాకు చచ్చేంత భయం."

నేను ఇంకో ఫోటో మీద తోకచుక్క గీశాను. వాడే మళ్ళీ, "లాన్స్ వేగా అంటే సగం నువ్వే కదే. ఈ మొహం వేసింది నువ్వే," అన్నాడు.

ఆ మాటకి నా కోపం పోయింది. పోవాలి కదా మరి. సాయంత్రం వాడికి ఇష్టమని ఉల్లిపాయలు వేసి కాలేయం వేయించాను.

9 జనవరి

సగం నేనట. ఏ సగమో అడగాల్సింది.

22 జనవరి, మంగళవారం

హల్ అనే ఊరి నుంచి ఒక ఉత్తరం. రాసింది ఆడపిల్ల కాదు, ముప్పై నాలుగేళ్ళ బస్సు కండక్టరు. పేరు నార్మన్ పికర్‌స్గిల్. యూనిఫాం కింద శాటిన్ చొక్కా వేసుకుంటాడట, కాలరు గుండీ దాకా పెట్టుకుని. ఏడాదిన్నర కిందట టీవీలో పాటగాడు బోవీ తన గిటారు వాయించేవాడి భుజం మీద చెయ్యి వేసినప్పుడు వాళ్ళ నాన్న లేచి టీవీ కట్టేశాడట. "కానీ నేను అప్పటికే చూసేశాను," అని రాశాడు. "ఈ పాటలు ఒకరోజు పాతబడతాయి లాన్స్ గారూ. అప్పుడు వీటిని విని నవ్వుతారు. కానీ ఒక మగవాడు అంత ధైర్యంగా మెరవొచ్చని మేము చూసేశాం. దాన్ని ఎవరు కట్టేస్తారు?" చివర్లో ఒక సందేహం. ఆదివారాలు ఇంట్లో ఒక్కడే చమ్కీ పొడి అద్దుకుంటాడట, సోమవారం పొద్దునకి వదలడం లేదట, ఏం చెయ్యాలి?

నాలుగు పేజీలు రాశాను. కోల్డ్ క్రీము పనికిరాదు, పందికొవ్వు కొంచెం వేడిచేసి రాయండి, మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడవండి, రుద్దకండి, కంటి మూలల్లో ఉండిపోయిన దానికి దూది. మీరు మెరిసేది మీ కోసం, నాన్నగారి కోసం కాదు అని కూడా రాశాను. ఏడాదిన్నరలో నేను రాసిన మొదటి నిజమైన ఉత్తరం అది. చదువుకుంటే గర్వంగా అనిపించింది. కింద లాన్స్ వేగా అని సంతకం పెట్టి, తోకచుక్క గీశాను.

9 ఫిబ్రవరి, శనివారం

పత్రికవాళ్ళు వచ్చారు. "లాన్స్ ఇంట్లో ఒక రోజు" అట. క్వేల్ గారు నన్ను వారంపాటు రిల్ అనే ఊళ్ళో ఉండే మా అమ్మ చెల్లెలి దగ్గరికి పంపమన్నారు. ఎనిమిదో నెలలో రైలు ప్రయాణం వద్దంది నర్సు. అందుకని పెరట్లో బట్టలుతికే గదిలో కూర్చోబెట్టారు. కుర్చీ, దుప్పటి, ఫ్లాస్కు నిండా టీ. "గంటేనే పిల్లా," అంది అత్త, నా మొహం చూడలేక. పది నుంచి ఒంటిగంటదాకా ఉన్నాను.

తలుపు సందులోంచి వంటింటి కిటికీ కనపడుతుంది. క్లైవ్ నా కోటు వేసుకుని పెనం పట్టుకుని గుడ్డు వేయిస్తున్నట్టు నిలబడ్డాడు. వాడికి గుడ్డు పగలగొట్టడం కూడా రాదు. ఫోటోగ్రాఫరు నవ్వమన్నప్పుడల్లా నవ్వాడు. తర్వాత అందరూ పెరట్లోకి వచ్చారు. ఒక అమ్మాయి గొంతు, "మీ అక్కగారు లేరా? ఉత్తరాలు ఎంత బాగా చూసుకుంటారో అని పిల్లలంతా చెప్తుంటారు," అంది.

"ఊరెళ్ళింది," అన్నాడు క్లైవ్. నాకు ఆరడుగుల దూరంలో ఉన్నాడు. వాడి బూటు మడమలు కనపడుతున్నాయి.

"ఈ గదిలో ఏముంది?"

"ఏం లేదు. పాత సామాన్లు."

బిడ్డ ఒకటే తన్నడం. నేను దుప్పటి నోటికి అడ్డం పెట్టుకున్నాను, దగ్గొస్తుందేమోనని.

10 ఫిబ్రవరి

వాడు ఇంకేమనగలడు అప్పుడు? ఏదో ఒకటి అనాలి కదా. గదిలో అంత చలి కూడా లేదు.

11 ఫిబ్రవరి

చలిగా ఉంది.

26 ఫిబ్రవరి, మంగళవారం

ఎల్లుండి ఎన్నికలు. రోడ్డు మీద మైకుల గోల. ఫోన్లో క్వేల్ గారి గొంతు దానికంటే మెత్తగా ఉంది. బిడ్డ పుట్టాక రిజిస్టరు చేయించేటప్పుడు నా పుట్టింటి పేరు చెప్పాలట. ఏవ్రిల్ హాడ్జెట్స్, పెళ్ళి కాలేదు. తండ్రి పేరు దగ్గర ఖాళీ. పత్రికలవాళ్ళు మొట్టమొదట వెతికేది ఆ రిజిస్టరు పుస్తకాలేనట.

"అది అబద్ధం చెప్పడం కదండీ."

"ఖాళీ వదిలెయ్యడం అబద్ధమెలా అవుతుంది తల్లీ?"

నేను ఫోను పెట్టేశాను. నా జీవితంలో ఎవరి మొహానా ఫోను పెట్టెయ్యలేదు. అయిదు నిమిషాలకి మళ్ళీ మోగింది. ఈసారి క్లైవ్, న్యూకాసిల్ నుంచి.

"కాగితమే కదే. అమెరికా నుంచి వచ్చాక మళ్ళీ రాయించుకుందాం."

"నేను అక్కనన్నా ఊరుకున్నాను. నావికుడు వదిలేశాడన్నా ఊరుకున్నాను. పాత సామాన్లన్నా ఊరుకున్నాను. దానికి తండ్రి లేడని నా నోటితో చెప్పించకు క్లైవ్."

అటువైపు ఎవరో పిలుస్తున్నారు. "తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

14 మార్చి

ఆడపిల్ల. పొద్దున పదకొండు గంటలకి. ఏడు పౌండ్లు. నోరు క్లైవ్‌దే. అమ్మో, ఎంత నోరో.

30 మార్చి, శనివారం

పత్రిక వచ్చింది. నాలుగు పేజీలు, క్లైవ్ పెనంతో, క్లైవ్ వాళ్ళమ్మతో, క్లైవ్ పెరట్లో. వెనకాల ఉతుకు గది తలుపు స్పష్టంగా పడింది. కింద "ఒంటరితనమే నా తోడు" అని పెద్ద అక్షరాలు. అత్త చదివి పత్రికని పొయ్యి రాజెయ్యడానికి పెట్టుకుంది.

పాపకి మెలనీ అని పేరు అనుకున్నాను. వెనకాల ఏం తగిలించాలో అనుకోలేదు.

12 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

క్లైవ్ పాపని ఒళ్ళో వేసుకుని గంట కూర్చున్నాడు. వాడి బుగ్గ మీది చమ్కీ దాని నుదుటికి అంటింది. తుడవబోతే, ఉండనీ అన్నాడు. అప్పుడే ఆ కాగితం సంగతి అడిగితే కాదనేదాన్నేమో. వాడు అడగలేదు, ఏడ్చాడు. క్వేల్ గారు అమెరికా టిక్కెట్లు తన దగ్గరే పెట్టుకున్నారట. రిజిస్ట్రారు ఇచ్చే కాగితం చూశాకే ఇస్తారట.

అత్త వంటింట్లోంచి అంతా వింది. "నేను మధ్యలోకి రాను. కానీ మీ నాన్న బతికుంటే నీ చెంప పగిలేదిరా," అని మళ్ళీ గిన్నెలు తోముకుంది.

సరేనన్నాను. ఎవరికోసమో తెలియదు. పుట్టిన నలభై రెండు రోజుల్లోపల రిజిస్టరు చేయించాలి, శుక్రవారం వెళ్తాను. ఖాళీయేగా. తర్వాత నింపుకోవచ్చు. ఖాళీ వదలడం అబద్ధం కాదు.

19 ఏప్రిల్, శుక్రవారం

పొద్దున ఆరింటికే లేచాను. అమెరికాకి పంపాల్సిన ఫోటోలు మూడొందలు మిగిలి ఉన్నాయి, తీసుకెళ్ళడానికి పదింటికి వ్యాను వస్తుంది. ఒక చేత్తో పాపకి పాలసీసా పట్టి, ఒక చేత్తో సంతకాలు చేశాను. మూడొందల తోకచుక్కలు. క్లైవ్ తెల్లారుతుండగా లివర్‌పూల్ నుంచి వచ్చి, రోలర్లు చుట్టుకుని పడుకున్నాడు. బయల్దేరుతుంటే కళ్ళు తెరిచి, "థాంక్స్ ఏవ్," అని అటు తిరిగాడు.

డడ్లీలో అదే ఆఫీసు, అవే మెట్లు. రిజిస్ట్రారు వేరే ఆయన, ముసలాయన, కళ్ళజోడు ముక్కు చివర. పాపని చూసి, "ఇదేనా మా ఆఫీసుకి పనిపెట్టింది?" అన్నాడు. నేను నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. పేరు మెలనీ. తల్లి ఏవ్రిల్ హాడ్జెట్స్. పెళ్ళి కాలేదు. తండ్రి అన్న చోటికి వచ్చేసరికి ఆయన కలం ఆగింది.

"చెప్పదలుచుకోలేదా అమ్మాయ్?"

తల ఊపాను. ఆయన ఆ గడిలో గీత గీశాడు. చిన్న గీత. ఇంతేనా అనిపించింది. ఆయన అంతా పైకి చదివి వినిపించి, పుస్తకం నావైపు తిప్పి, కలం చేతికిచ్చాడు. పాప అప్పుడే ఏడుపు అందుకుంది. నేను దాని మొహంలోకి చూస్తూ, ఊరుకోమ్మా ఊరుకో అంటూ సంతకం చేసి పుస్తకం ఆయనవైపు నెట్టాను.

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఈ లాన్స్ వేగా ఎవరమ్మా?"

నాకు అర్థం కాలేదు. వంగి చూశాను. పుస్తకంలో నల్లటి ప్రభుత్వపు సిరాతో పెద్ద సున్నాలు, చివర తోకచుక్క. మూడు గడులు దాటి పోయింది తోక.

నా చేతివైపు చూసుకున్నాను. అది నాది కానట్టుంది. వాళ్ళు ఇంట్లోంచి నన్ను తీసేశారు, ఫోటోలోంచి తీసేశారు, నేను ఊరుకున్నాను. చేతిలోంచి కూడా తీసేశారని నాకు తెలియలేదు. నా పేరు రాయమంటే నా చేతికి నా పేరు గుర్తు రాలేదు.

"ఈ సంతకానికీ ఈ బిడ్డకీ సంబంధం ఏమిటి?" అన్నాడు. కోపంగా కాదు. తప్పు దిద్దాలంటే ఆయన ఏదో రాయాలి కనుక అడిగాడు.

"అది మా ఆయన," అన్నాను.

రెండేళ్ళలో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆ గదిలో ఎంత మామూలుగా వినపడిందో. తర్వాత ఆపుకోలేకపోయాను. అతని అసలు పేరు క్లైవ్ ట్రాంటర్ అండీ, మా పెళ్ళి ఈ ఆఫీసులోనే అయింది, డెబ్భై ఒకటి అక్టోబరులో, నేను పెళ్ళికానిదాన్ని కాను, నావికుడెవరూ లేడు. వెక్కిళ్ళు వచ్చాయి. పాప ఏడుపు మానేసి నన్ను చూసింది.

"నావికుడి సంగతి నేనడగలేదుగా," అన్నాడాయన. రుమాలు ఇచ్చి లేచి వెళ్ళి, అల్మరాలోంచి ఒక పుస్తకం తెచ్చి తిరగేశాడు. మా పేజీ దొరికింది. అక్కడ నా సంతకం ఉంది, చిన్నగా, గుండ్రంగా, బడిపిల్ల రాసినట్టు. దాన్ని చూసి ఎవరిదో అనుకున్నాను.

"ఇందాక చెప్పినదాన్ని నిజమని రాసి ముగించి ఉంటే నేరం అయ్యేది అమ్మాయ్. ఇంకా ముగియలేదు. మొదటి నుంచి చెప్పు," అని పాత వరసంతా కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేసి, కింద కొత్త వరస మొదలుపెట్టాడు. ఈసారి సంతకం చేసేటప్పుడు పాపని ఆయన ఎత్తుకున్నాడు. నేను ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను. అయిదు నిమిషాలు పట్టిందేమో. ఆయన తొందరపెట్టలేదు.

బస్సులో కాగితం రెండుసార్లు తీసి చదివాను. క్వేల్ గారికి ఇది చూపిస్తే టిక్కెట్లు రావు. క్లైవ్ మళ్ళీ ముసుగు పెట్టుకోవాలేమో. నాకు బాధగానే ఉంది. కానీ వెనక్కి వెళ్ళి మార్చమంటే మారదు, సిరా అలాంటిది.

వీధి మలుపు తిరిగేసరికి గేటు దగ్గర డెనిస్, ఇంకో ఇద్దరు. మునుపటిలా ఆరుగురు లేరు. పాపని చూడగానే ముగ్గురూ ఎగబడ్డారు.

"ఎవరి పోలికక్కా? నావికుడిదా?"

"మా ఆయన పోలిక," అన్నాను. "లోపల పడుకున్నాడు. దీనికి గుడ్డ మార్చాలి, లేపుతాను ఉండండి."

వాళ్ళకి అర్థం కాలేదు. నేను తలుపు తెరిచి మెట్ల కింద నిలబడి పిలిచాను. లాన్స్ అని కాదు. క్లైవ్ ట్రాంటర్, కిందికి రా అని, బేలిస్ పిన్నికి కూడా వినపడేలా. వాడు బనీనుతో, తల నిండా గులాబీ రోలర్లతో, "ఏంటే ఆ గోల," అంటూ గుమ్మంలోకి వచ్చి పిల్లల్ని చూశాడు. చెయ్యి జుట్టు మీదికి వెళ్ళింది. వెనక్కి తిరగబోయాడు. నేను పాపని వాడి చేతుల్లో పెట్టేశాను. కిందపడేస్తాడా ఏం, పట్టుకున్నాడు.

ఎవరూ అరవలేదు. డెనిస్ వాడివైపు చూసింది, నావైపు చూసింది, తర్వాత పాప కాళ్ళకున్న, వాళ్ళు అల్లిన పసుపు మేజోళ్ళ వైపు చూసింది. దాని కళ్ళ నిండా నీళ్ళు. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే.

"పేరేంటక్కా?" అంది చివరికి.

లోపల ఫోను మోగడం మొదలుపెట్టింది. అది క్వేల్ గారు చేసే వేళ. క్లైవ్ దానివైపు తల తిప్పాడు, కానీ చేతులు ఖాళీగా లేవు. నేను డెనిస్‌కి మా అమ్మాయి పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా.